ఆయన వద్దన్న బండి

పోయిన మంగళవారం ఉదయం మా భిలాయ్ సెక్టారు తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఆయన పోయారన్న కబురు వచ్చింది. కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. వాటి మధ్యలో ఒకాయన ఇలా రాశాడు: "మంచి మనిషి. ఆ ఒక్క బండి విషయంలో తప్ప." ఆ మాటకి ముగ్గురు బొటనవేలు ఎత్తి చూపించారు.

ఆ ఒక్క బండి నాది. కొన్నది నేను. ఫోనులో జవాబు రాయబోయి చెరిపేశాను. ఒక్క వాక్యంలో చెబితే నా తప్పు చిన్నదైపోతుంది, ఆయన ఇంకా చిన్నవాడైపోతారు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. పేరు మాత్రం రాయను. మూడేళ్ళుగా ఈ ఊళ్ళో ఎవరు ఆ పేరెత్తినా వెనకాలే ఒక నవ్వు వస్తోంది. ఆ నవ్వు ఆగాక పేరు రాసుకోవచ్చు.

ఆయన శ్రీకాకుళం వైపు మనిషి. కుర్రతనంలో వచ్చి భిలాయ్ స్టీలు ప్లాంటులో చేరి, రిటైరయ్యేదాకా రోలింగ్ మిల్లులో యంత్రాల మరమ్మతు పనిలోనే ఉన్నారు. మా నాన్నతో కలిసి పనిచేసినవారు గనక నాకు బాబాయ్. సన్నటి మనిషి. మే నెల ఎండలో కూడా నిండు చేతుల చొక్కా వేసుకుని మణికట్టు దగ్గర గుండీలు పెట్టుకునేవారు. చేతికి వాచీ ఉండదు, వేలికి ఉంగరం ఉండదు. తిరిగే యంత్రం దగ్గర వదులుగా ఉన్నది ఏదైనా మనిషిని లోపలికి లాగేస్తుందని మిల్లులో మొదటిరోజు ఎవరో చెప్పారట. రిటైరైన తరవాత కూడా ఆ మాట వదల్లేదు. పెళ్ళి ఉంగరాన్ని మొలతాడుకి కట్టుకునేవారు. "ఉంగరం ఏదయ్యా అని మా ఆడది ఎప్పుడూ నలుగుర్లో అడగలేదు గాబట్టి సరిపోనాది," అనేవారు.

మిల్లు చప్పుడుకి ఎడమ చెవి పూర్తిగా, కుడి చెవి సగం పోయాయి. అందువల్ల ఆయన మాట పెద్దది. ఏదైనా గుట్టు చెబుదామని ఆయన చెవి దగ్గర నోరు పెడితే, "ఏటీ? మీ ఆఫీసరుకి ఇంకో సంసారం ఉన్నాదా?" అని వీధంతా వినేలా అడిగేవారు.

ఆయన దగ్గర మూరెడు పొడుగున్న ఇనపకడ్డీ ఒకటి ఉండేది. ఒక కొసకి చెక్కపిడి. మిల్లులో బేరింగు బాగుందో లేదో తెలుసుకోవడానికి కడ్డీ కొసని దాని మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని వినేవాళ్ళు. చెవులు పోయాక ఆయన పిడిని పళ్ళ మధ్య పట్టుకోవడం మొదలుపెట్టారు. కళ్ళు మూసుకుని, పిడి కరుచుకుని, ఇంజను మీదికి వంగి నిలబడితే చూసేవాళ్ళకి నవ్వొచ్చేది. హిందీ పిల్లలు "దాతూన్ వాలే బాబా" అని పిలిచేవారు, పందుంపుల్ల తాతయ్య అని.

"సెవి అబద్దం ఆడొచ్చు బాబూ, పన్ను ఆడదు," అనేవారు ఆయన. "అదురు తిన్నగా బుర్రలోకి ఎల్లిపోద్ది."

రిటైరయ్యాక ఆదివారం పొద్దున్న ఆయన క్వార్టరు ముందు ఎవరో ఒకరు నిలబడి ఉండేవారు. పాత కారు కొనాలనుకున్న ప్రతివాడికీ ఆయన చూసి చెప్పాల్సిందే. ఆయన పద్ధతి ఏమిటంటే, అమ్మేవాళ్ళకి చెప్పిన వేళకంటే గంట ముందే వెళ్ళడం. మనిషిని పలకరించకముందే బానెట్ మీద అరచెయ్యి ఆనించడం. చల్లగా ఉంటేనే తక్కిన మాటలు. చల్లటి ఇంజను మొదటిసారి స్టార్టయ్యేటప్పుడే తన రోగం బయటపెడుతుందని, దాన్ని దాచడానికే ముందుగా వేడి చేసి ఉంచుతారని ఆయనకి తెలుసు. ఒకసారి దుర్గ్‌లో ఒక ఇంటికి వెళ్ళాం. చెయ్యి పెట్టి వెంటనే తీసేశారు.

"బండి రెండు రోజుల నుంచి కదల్లేదు, అంకుల్," అన్నాడు హిందీలో ఆ ఇంటాయన.

"తో ఇస్‌కో బుఖార్ హై, భయ్యా," అన్నారు ఈయన. నా వైపు తిరిగి, "పద, పద. జొరం వొచ్చిన పిల్లని పెళ్ళిసూపులకి కూసోబెట్టీసారు," అని గేటు దాటేశారు. ఆ ఇంటాయన చేతిలో మా కోసం తెచ్చిన మంచినీళ్ళ పళ్ళెం అలాగే ఉండిపోయింది.

బండి నచ్చలేదని ఆయన చెప్పే తీరు కూడా మిల్లు నుంచి తెచ్చుకున్నదే. ప్లాంటులో యంత్రంలో చెయ్యి పెట్టేముందు దానికి కరెంటు తీసేసి, స్విచ్చి దగ్గర తన పేరు రాసి ఉన్న ఎర్ర టాగు వేలాడదీస్తారు. వేసినవాడే దాన్ని తియ్యాలి. ఎంత పెద్ద ఆఫీసరైనా తియ్యకూడదు. మరిచిపోయి ఇంటికి వెళ్ళిపోతే మనిషిని పంపి రప్పించాలి తప్ప ఇంకొకరి చెయ్యి దాని మీద పడకూడదు. లోపల ఎవరి వేళ్ళు ఉన్నాయో టాగు వేసినవాడికే తెలుస్తుంది కదా. నా చిన్నప్పుడు ఒకసారి ఆయన మా ఇంట్లో భోజనానికి కూర్చుని ఉండగా ఆయన కోసం జీపు వచ్చింది. అప్పుడే పప్పు కలుపుకున్నారు. చెయ్యి కడుక్కుని వెళ్ళి టాగు తీసి, గంటన్నరకి తిరిగొచ్చి, మా అమ్మ వద్దంటున్నా ఆ కలిపిన అన్నమే తిన్నారు.

అలాంటి పాత టాగులు గుప్పెడు ఆయన ఇంట్లో ఉండేవి. బండి పనికిరాదనుకుంటే కొనేవాడి చేతిలో ఒకటి పెట్టేవారు. "ఇది నీ కాడుంచు. ఆశ పోయాక తెచ్చీ," అనేవారు. ఆయన టాగు ఇచ్చిన బండిని మా కాలనీలో ఎవరూ కొని ఎరగరు. ఇవ్వకపోతే బాగున్నట్టు. మొగుళ్ళు బండి చూసి ఇంటికి రాగానే ఆడవాళ్ళు దాని రంగేమిటని అడిగేవారు కాదు, టాగు ఇచ్చారా అని అడిగేవారు.

నేను ప్లాంటు ఆఫీసులో పనిచేస్తాను. భద్రతా నియమాల సర్క్యులర్లు తయారయ్యేది మా సెక్షన్‌లోనే. 'ఒకరు వేసిన టాగును మరొకరు తొలగించరాదు' అన్న వాక్యాన్ని ఎన్నోసార్లు సరిచూసి సంతకానికి పంపాను.

నా భార్య వసంతకి చిన్నప్పుడు పోలియో వచ్చి కుడికాలు బలహీనపడింది. రిసాలిలో ఒక బడిలో లెక్కలు చెబుతుంది. వెనక రెండు చక్రాలు అదనంగా బిగించిన స్కూటరు మీద వెళ్ళి వచ్చేది. వాన వస్తే నేను దింపాలి. నన్ను అడగడం ఆమెకి నచ్చదు. అడిగేముందు వాకిట్లో నిలబడి ఆకాశం వంక చూసేది, తగ్గుతుందేమోనని. వాళ్ళ అక్క చరోదా రైల్వే కాలనీలో ఉంటుంది. "ఒక్కసారి ఎవరినీ అడక్కుండా అక్క దగ్గరికి వెళ్ళి, నాకు బుద్ధి పుట్టినప్పుడు తిరిగి రావాలి," అంది ఒకరోజు. కారు కొనాలనుకున్నది అందుకు.

మామూలు కారు ఆమెకి పనికిరాదు. గేర్లు వాటంతట అవే మారాలి. బ్రేకు, యాక్సిలరేటరు కాలితో కాకుండా స్టీరింగు పక్కన చేత్తో నొక్కే మీటలో ఉండాలి. సీటు ఎత్తుగా, తలుపు వెడల్పుగా ఉండాలి, ముందు కూర్చుని తరవాత కాలు ఎత్తి లోపల పెట్టుకోవడానికి. కొత్త కారుకి అలాంటి మీట బిగించేవాళ్ళు మా చుట్టుపక్కల లేరు. దూరం పంపించి, బిగించాక ఆఫీసుల చుట్టూ తిరిగి ఒప్పించుకోవాలి. అన్నీ ఉన్న పాత బండి దొరికితే మేలు అనుకున్నాం. అదెంత అరుదో అప్పటికి మాకు తెలియదు.

ఆయన మా ఇంటికి వచ్చి నన్నేమీ అడగలేదు. వసంతని కుర్చీలో కూర్చోమన్నారు, లేవమన్నారు, మంచం మీద కూర్చోమన్నారు. "నీ మొగుడు కూసునే బండి కాదమ్మీ, నువ్వు కూసునే బండి. అతన్ని కొంచెం అవతలుండమను," అన్నారు. జేబులోంచి పురికొస తీసి నేల నుంచి ఆమెకి సుఖంగా ఉన్న ఎత్తు కొలిచి ఒక ముడి వేశారు. కాలు తిప్పి పెట్టుకోవడానికి ఎంత చోటు కావాలో కొలిచి ఇంకో ముడి వేశారు. ఆ రెండు ముడుల పురికొసతో ఏడు నెలలు ప్రతి ఆదివారం నాతో తిరిగారు. ఒక బండికి గేర్లు సరిపోతే మీట ఉండదు. మీట ఉంటే సీటు మొదటి ముడికి జానెడు కిందుంటుంది. ఆయన విసుక్కోలేదు. విసుగంతా నాది.

రాయపూర్‌లో మాత్రం ఒకటి దొరికింది. అన్నీ ఉన్నాయి. ముడులు రెండూ సరిపోయాయి. కడ్డీ కరుచుకుని వింటూ ఆయన తల ఆడించారు. అది ఒక రిటైర్డ్ మాస్టారుగారి భార్యది, ఆమె పోయి నాలుగు నెలలట. మాస్టారు తాళాలు తేవడానికి లోపలికి వెళ్ళి ఎంతకీ రాలేదు. వచ్చాక తాళాలు బల్ల మీద పెట్టి వాటి మీద చెయ్యి తీయలేదు. బాబాయ్ కాసేపు ఆ చేతినే చూశారు. తరవాత తనకొచ్చిన హిందీలో, "ఇప్పుడే అమ్మొద్దు మాస్టారూ. ఒక ఏడాది వారానికోసారి స్టార్ట్ చెయ్యండి. బండికీ మంచిది," అన్నారు. ఆ మాస్టారు ఏడ్చేశారు.

రోడ్డు మీదికి వచ్చాక నాకు ఒళ్ళు మండిపోయింది. "బండి బాగుంది కదా బాబాయ్?"

"బండి బాగున్నాది. మనిసే ఇంకా బాగోలేదు."

"మరి వసంత సంగతేమిటి?"

ఆయనకి వినబడలేదో, విననట్టు ఊరుకున్నారో. ఇప్పుడు ఆలోచిస్తే ఆయన జీవితంలో నేను చూసిన గొప్ప క్షణం అది. ఆరోజు నా కడుపులో పడ్డది మాత్రం కసి.

తరవాత నెలన్నరకి కుమ్హారిలో పాత కార్లు అమ్మే ఒక యార్డు నుంచి ఫోను వచ్చింది. తెల్ల కారు. గేర్లు, మీట, ఎత్తు సీటు, వెడల్పు తలుపు, అన్నీ ఉన్నాయి. ఫొటోలు చూసి వసంత ఆ సాయంత్రం రెండుసార్లు నా ఫోను అడిగి తీసుకుంది.

మేం వెళ్ళేసరికి ఇంజను చల్లగానే ఉంది. బాబాయ్ బానెట్ తెరవకుండా ముందు సీటు బెల్టు పట్టుకుని లాగారు. చివరిదాకా, ఇక రానంతదాకా. రోజూ బయటికి రాని ఆ చివరి జానెడులో ఒక మట్టిగీత ఉంది. వేలితో రాసి నాకు చూపించారు. కార్పెట్ ఎత్తి వాసన చూశారు. అప్పుడు స్టార్ట్ చేయించి గేర్‌బాక్స్ మీద కడ్డీ పెట్టి పిడి కరుచుకున్నారు. నిమిషం కూడా పట్టలేదు.

"మునిగిన బండి బాబూ. సీటుదాకా నీళ్ళు తాగీసినాది. కడిగీసి, సెంటు కొట్టీసినారు. వైర్లు లోపల కుళ్ళిపోతన్నాయి. ఈరోజు బాగానే నడుస్తాది. వానలో సెయ్యిచ్చీస్తాది."

యార్డువాడు నవ్వాడు. "అంకుల్‌జీ, పళ్ళతో కారు టెస్ట్ చేసేవాణ్ణి మొదటిసారి చూస్తున్నాను," అన్నాడు నాతో. నేను కూడా నవ్వాను. ఆయన వైపు చూస్తూ నవ్వాను.

ఆయన జేబులోంచి టాగు తీసి నా అరచేతిలో పెట్టి వేళ్ళు మూశారు. ఆ సాయంత్రం రైలుకే ఊరెళ్ళారు, వాళ్ళ అన్నగారి సంవత్సరీకానికి. పదిహేను రోజులు రారు.

ఇంటికి వచ్చేసరికి వసంత గేటు పట్టుకుని నిలబడి ఉంది.

"టాగు ఇచ్చారా?"

టాగు నా చొక్కాజేబులో ఉంది. గుండెకి తగులుతోంది.

"లేదు," అన్నాను.

ఆమె ముఖం ఎలా మారిందో చెప్పలేను. పదేళ్ళు వెనక్కి వెళ్ళినట్టు నవ్వింది. మర్నాడు ఆఫీసులో టాగుని సొరుగు అడుగున కాగితాల కింద పెట్టి, సెలవు రాసి, కుమ్హారి వెళ్ళాను.

వసంత చరోదా వెళ్ళొచ్చింది. మళ్ళీ వెళ్ళింది. దారిలో ఆగి జామకాయలు కొనుక్కుంది. ఒకరోజు బడి నుంచి ఇంటికి రాకుండా ఊరికే నెహ్రూనగర్ వైపు తిరిగొచ్చింది. "ఎందుకు?" అంటే, "ఎందుకూ లేదు," అని గొప్పగా చెప్పింది. ఆ నాలుగు నెలల సంతోషం అబద్ధం కాదు. దాన్ని నిలబెట్టింది మాత్రం నా అబద్ధం.

బాబాయ్ ఊరి నుంచి వచ్చిన రోజున బండి మా క్వార్టరు ముందుంది. వసంత దాని అద్దం తుడుస్తోంది.

"బాబాయ్‌గారూ! మీరు సరే అన్నాకే కొన్నాం. మీ మాట మీదే ఎక్కి కూర్చున్నాను," అంది.

ఆయన నన్ను చూశారు. నేను బండి చక్రం వైపు చూశాను. ఒక్క మాటతో ఆయన తప్పుకోవచ్చు. వసంత ముఖం చూసి, "మీట బాగా అందతన్నాదా అమ్మీ? గేరు మార్చినప్పుడు పూర్తిగా ఆగీసి మార్చు. వానలో మట్టుకు తియ్యకు," అన్నారు. కాఫీ తాగారు. వెళ్ళేటప్పుడు నన్ను వీధి మలుపుదాకా తీసుకెళ్ళి, ఆయనకి చేతనైనంత మెల్లగా అడిగారు.

"నా టాగు ఏదీ?"

"ఆఫీసులో ఉంది."

"మిల్లులో అయితే ఈపాటికి ఒకడి సెయ్యి తెగిపోయుండును."

నేను వెనక్కి తిరిగి మా గేటు వైపు చూశాను.

"ఆ అమ్మికి నువ్వే సెప్పాల. నువ్వు సెప్తే నిజం అవుద్ది. నాను సెప్తే మీ ఇంట్లో తగువు అవుద్ది. తొరగా సెప్పీ. వానల్లోగా సెప్పీ."

"చెబుతాను బాబాయ్," అన్నాను.

ఆ తరవాత ప్రతి ఆదివారం ఆయన మా ఇంటికి వచ్చేవారు. బండి కిందికి దూరి, తలుపు చట్రాలు ఊడదీసి, వైర్ల కొసలు గుడ్డతో తుడిచి, గ్రీజు పూసి మళ్ళీ బిగించేవారు. వసంత టీ తెచ్చి, "మీకెందుకండీ ఇంత శ్రమ," అనేది. "ఊరికే కూసుంటే తోచదమ్మీ," అనేవారు. లేచేటప్పుడు నా కళ్ళలోకి ఒకసారి చూసేవారు. నేను తల అడ్డంగా ఊపేవాణ్ణి, ఇంకా చెప్పలేదని. మారుమాట లేకుండా చెప్పులు వేసుకునేవారు.

ఆగస్టులో ఒకరోజు పొద్దున్న ఆకాశం తేటగా ఉందని వసంత బండి తీసింది. మధ్యాహ్నం, బడి వదిలాక, పెద్ద వాన. రిసాలి దారిలో పల్లంగా ఉన్నచోట నీళ్ళు నిలిచాయి. బండి వాటి మధ్యలో ఆగిపోయింది. కరెంటు వైర్లన్నీ ఒక్కసారి చచ్చిపోయాయి. అద్దాలు దిగలేదు, తలుపుల తాళాలు రాలేదు, హారను మోగలేదు. ఫోను వెనకసీట్లో సంచిలో ఉంది. ఆ కాలు వల్ల ఆమె వెనక్కి వంగి దాన్ని అందుకోలేకపోయింది. అద్దాలకి లోపల ఆవిరి పట్టేసింది. దాటిపోయేవాళ్ళు వాన తగ్గేదాకా ఎవరో ఆపుకున్నారనుకున్నారు. నీళ్ళు లోపలికి వచ్చి ఆమె పాదాలు మునిగాయి. గంటపైన అలా కూర్చుంది. చివరికి ఒక పాలవాడు అద్దం మీద కొడుతున్న చెయ్యి చూసి, పాలక్యానుతో అద్దం పగలగొట్టి ఆమెని బయటికి లాగాడు. ఆమె చేతిని మోచేతి నుంచి మణికట్టుదాకా గాజు కోసేసింది.

ఆసుపత్రిలో కుట్లు వేశాక ఆమె అడిగిన మొదటి మాట: "బాబాయ్ టాగు ఎందుకివ్వలేదు?"

అప్పుడైనా చెప్పాల్సింది. "పెద్దవాడైపోయాడు కదా, వినబడి ఉండదు," అన్నాను.

ఆ మాట నాది. కాలనీలో అందరి నోటా తిరిగిన మాట నా నోట్లోంచే బయలుదేరింది. దానికి కుమ్హారి యార్డువాడు ఆయన చేతిలో ఏదో పెట్టాడన్న మాటని ఇంకెవరో చేర్చారు. నేను చేర్చలేదు. కాదనలేదు కూడా.

వసంత మళ్ళీ స్టీరింగు ముట్టుకోలేదు. బండిని తుక్కుకి ఇచ్చేశాం. ఆదివారాలు ఆయన క్వార్టరు ముందు నిలబడేవాళ్ళు లేకుండా పోయారు.

ఒకసారి సెక్టారు మార్కెట్లో టీ కొట్టు దగ్గర మా ఆఫీసు మనిషి ఒకడు, నేనుండగానే, ఆయన్ని గట్టిగా పలకరించాడు. "ఏటి బాబాయ్! కుమ్హారి యార్డోడు టీ పోయించాడా, టిఫిను కూడా పెట్టించాడా?" చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆయన గ్లాసు పట్టుకుని నా వైపు చూశారు. గ్లాసు సగం అయ్యేదాకా చూశారు. నాకు అంత సమయం ఇచ్చారు. నేను చిల్లర కోసం జేబు తడుముకున్నాను.

"పోయించాడ్రా," అన్నారు ఆయన చివరికి. "పంచదార తక్కువేసినాడు."

అందరూ ఇంకా గట్టిగా నవ్వారు. ఆయనా నవ్వారు.

మంగళవారం సాయంత్రం వసంత బడి నుంచి వచ్చాక, ఆఫీసు సొరుగులోంచి తెచ్చిన టాగుని బల్ల మీద పెట్టి జరిగింది చెప్పాను. ఆమె టాగు మీది పేరు చదివింది. తిప్పి వెనక చూసింది. అరుస్తుందనుకున్నాను. దాన్ని మళ్ళీ బల్ల మీద పెట్టింది.

"నా చేతికి కట్టు ఉన్నప్పుడు ఒకసారి వచ్చారు," అంది. "మీరు ఆఫీసులో ఉన్నారు. గుమ్మం దాటి లోపలికి రాలేదు. 'తప్పయిపోనాది అమ్మీ, పన్ను కూడా ముసిల్ది అయిపోనాది' అన్నారు. నాకు దండం పెట్టారు. అంత పెద్దాయన."

"నువ్వేమన్నావు?"

"తలుపు వేసేశాను."

వంటింట్లోకి వెళ్ళి దీపం వెయ్యకుండా నిలబడింది. నేను లేచి వెళ్ళబోతే, "రాకండి," అంది. కాసేపటికి ఆ చీకట్లోంచే, "రేపు వాళ్ళింటికి వెళ్దాం. నేనూ వస్తాను. చెప్పేది మాత్రం మీరే," అంది.

దహనం మంగళవారమే అయిపోయింది. మర్నాడు వెళ్ళేసరికి ఇల్లు ఇంకా మనుషులతో నిండలేదు. ఆయన భార్యని పిన్ని అంటాను. గోడకి ఆనుకుని చాప మీద కూర్చుని ఉంది. నేను ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పాను. కుమ్హారి, మట్టిగీత, నా జేబులో టాగు, గేటు దగ్గర నేనన్న మాట, ఆసుపత్రిలో అన్న మాట, అన్నీ.

"అయితే మీ బాబాయికి తెలిసినాదేటి, ఆ బండి మంచిది కాదని?"

"తెలిసింది పిన్నీ. నిమిషంలో తెలిసింది."

"సరిగ్గానే ఇన్నాడా?"

"సరిగ్గానే విన్నారు."

ఆవిడ తల పంకించింది. "మూడేళ్ళు తిట్టినాను బాబూ. సెవులు లేనోడివి, పళ్ళు కదిలిపోయినోడివి, నీకెందుకయ్యా ఈ పెద్దరికం, ఆ పిల్ల సెయ్యి కోయించీసావు గదా అని. ఆదివారం వొస్తే తయారైపోయి కూసునీవోడు. నీ కోసం ఎవులొస్తారు, ఇప్పీ సొక్కా అని నానే గుండీలు ఇప్పదీసీదాన్ని. ఇప్పించుకునీవోడు. నాతో కూడా అన్లేదు."

వసంత ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఆవిడ నన్ను తిట్టలేదు. తిడితే లేచి వచ్చేసేవాణ్ణేమో.

"ఇక్కడ కూకో," అంది, గుమ్మం పక్క చోటు చూపించి. "లేవకు."

పరామర్శకి వచ్చేవాళ్ళు రావడం మొదలైంది. వచ్చిన ప్రతివాళ్ళతోనూ పిన్ని, "ఈ బాబు ఒక మాట సెప్తాడు, ముందది ఇనండి," అంది. నేను చెప్పాను. రెండోసారికి మాటలు తగ్గించాను. వసంత పక్క నుంచి, "ఆసుపత్రిలో అన్నది చెప్పలేదు," అంది. అదీ చెప్పాను. టీ కొట్టు దగ్గర నవ్వించినవాడు వచ్చాడు. వాడికీ చెప్పాను. వాడు నేల చూస్తూ విని, కూర్చోకుండా అలాగే నిలబడిపోయాడు. ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఒక్కసారి కూడా ముందటిసారి కంటే తేలిక కాలేదు.

పదకొండింటికి ఒక ముసలాయన చేతికర్ర పట్టుకుని చరోదా నుంచి వచ్చారు. మిల్లులో బాబాయ్‌తో పాతికేళ్ళు ఒకే షిఫ్టులో పనిచేసినాయనట. పిన్ని ఆయనకి కుర్చీ వేయించి నా వైపు చూసింది. నేను మొదలుపెట్టాను.

"ఏటీ?" అన్నారు ఆయన, చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

"గట్టిగా సెప్పు బాబూ," అంది పిన్ని. "ఈయనా మిల్లోడే. ఇనపడదు."

వీధి తలుపు తెరిచే ఉంది. బయట నిలబడ్డవాళ్ళు మాటలు ఆపారు. "ఆ బండి బాబాయ్ వద్దన్నారు," అన్నాను గొంతు పెంచి. "నేనే కొన్నాను. అబద్ధం చెప్పింది నేను."

ముసలాయన ఇంకా నా పెదాల వైపే చూస్తున్నారు.

"ఇంకా గట్టిగా," అంది పిన్ని.